గోడల సందులో బస్సిల్లు

బళ్ళనే ఇళ్ళు చేసుకున్నవాళ్ళు ఉండే ఆ మైదానంలో పొద్దున్నే అందరికంటే ముందు లేచేది డ్రైవరమ్మే. లేవగానే బస్సు చుట్టూ ఒకసారి తిరిగి, టైర్లను ఒక్కొక్కటే కాలితో తన్ని చూసుకునేది. మొహం కడుక్కోవడం ఆ తరవాతే. సిటీ బస్సు నడిపిన రోజుల అలవాటు అది. డిపోను కంపెనీవాడి చేతిలో పెట్టి, డ్రైవర్లందరినీ రోడ్డున పడేసి, పాత బస్సుల్ని ఇనప తుక్కు కింద తూకానికి వేస్తున్న రోజున, ఆవిడ గేటుకు అడ్డంగా కూచుంది. తాను నడిపిన బస్సు తనకిస్తే తప్ప లేవనంది. చివరికి ఆఫీసరు విసిగిపోయి, "తీసుకుపో తల్లీ, నెత్తిన పెట్టుకుని ఊరేగు" అన్నాడు.

ఊరేగలేదు. అందులో కాపురం పెట్టింది.

సీట్లు పీకించి, ముందు భాగంలో వంట గట్టు, నడిమిన రెండు బెంచీలు, వెనక చివర మంచం వేయించింది. అద్దె పెరిగిందని ఒకసారి, మేడ పడగొడతామని ఒకసారి, కారణం కూడా చెప్పకుండా ఇంకోసారి, సామాను వీధిలో పెట్టించుకున్న మొగుడూ పెళ్ళాలకు చివరికి దొరికిన ఇల్లు అది. మైదానంలో అందరూ దాన్ని బస్సిల్లు అనేవాళ్ళు. మూడోసారి సామాను వీధిలో పడిన రోజున డ్రైవరమ్మ ఒక మాట అనుకుంది. ఇంకెవడు పొమ్మన్నా ఇక ఇల్లు దిగేది లేదు. కదలాల్సి వస్తే ఇల్లే కదులుతుంది, తాను దిగదు.

మొగుడు గోడల మీద అక్షరాలు రాసే పెయింటరు. సమ్మె ఎవరిది జరిగినా గోడ మీద రాత అతనిదే. ఊరంతా ఫ్లెక్సీల పాలయ్యాక పని పోయింది గానీ రాసే దురద పోలేదు. బస్సు వెనక అద్దం ఎప్పుడో పగిలిపోతే అక్కడ రేకు కొట్టించారు. ఆ రేకు కనబడగానే అతని చెయ్యి ఆగలేదు. బారెడు బారెడు ఎర్రక్షరాలతో రాసేశాడు: ఇల్లు లేనివాళ్ళందరిదీ ఈ ఇల్లు.

"అందరూ వస్తే ఎక్కడ పడుకోబెడతావు మహానుభావా? నీ నెత్తి మీదా?" అంది డ్రైవరమ్మ.

"రానీవే. సర్దుకుందాం."

"సర్దేది నేను. రాసేది నువ్వు."

"ఇల్లన్నాక పని పంచుకోవాలి కదా మరి."

వాన పడ్డప్పుడల్లా ఆ అక్షరాలు కాస్త వెలిసేవి. ఎండ రాగానే మళ్ళీ దిద్దేవాడు. ఆ రోజు పొద్దున కూడా అదే పనిలో ఉన్నాడు. అరచేతులు రెండూ మణికట్టు దాకా ఎర్రగా ఉన్నాయి. అప్పుడే మున్సిపాలిటీ జీపు వచ్చి మైదానం మధ్యలో ఆగింది.

దిగినవాడు వయసులో చిన్నవాడు, ఇస్త్రీ చొక్కా. ఒక్కొక్క బండి అద్దానికీ పసుప్పచ్చ కాగితం అంటిస్తూ వచ్చాడు. మధ్యాహ్నం లోపల ఖాళీ చెయ్యాలి.

"ఎక్కడికి పొమ్మంటారు?" అన్నాడు పెయింటరు.

"ఎక్కడికైనా. ఇక్కడ తప్ప."

పెయింటరు ఎర్రచెయ్యి ఎత్తి మైదానం అవతల మేడల వరస చూపించాడు. "అటు చూడండి. అవి కట్టి ఎన్నాళ్ళయింది? రాత్రిపూట ఒక్క కిటికీలో దీపం వెలగదు. ఖాళీ గదులకు నలుగురు కాపలా. మనుషులకు నీడ లేదు. గదులు ఆకలితో చచ్చిపోతాయనా? ఈ కాగితం రాసిన చేతికి సిగ్గుండాలి."

"కాగితం నేను రాయలేదయ్యా, అంటిస్తానంతే," అన్నాడు ఇస్త్రీ చొక్కా. నిజానికి అతని మొహంలోనూ నిద్ర లేదు. "మధ్యాహ్నం మిషను వస్తుంది. అది మీ ఉపన్యాసం వినదు."

మిషనంటే ఏమిటో అందరికీ తెలుసు. కిందటేడు ఇంకో మైదానంలో ఒక ముసలాయన వ్యాను దిగనని మొండికేస్తే, ఆ మిషనుతోనే వ్యానును ఆయనతో సహా ఎత్తి లారీలో పడేశారు. ఆయన ఏమయ్యాడో ఏ పేపరూ రాయలేదు. డ్రైవరమ్మ వెళ్ళి స్టవ్ ఆర్పి, గిన్నెలు గోనెసంచిలో సర్ది, స్టీరింగు ముందు కూచుంది. గుట్టకు అవతల మూతపడ్డ మిల్లు ఉందనీ, ఆ ఆవరణలో ఎవరూ తరమరనీ ఎవరో చెప్పారు. వంతెన దాటితే చాలు.

వంతెన దగ్గర కానిస్టేబులు చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఇందులో పడుకుంటారా?"

"బస్సన్నాక కునుకు పట్టదా సార్?"

"లోపల పొయ్యి ఉందా?"

"ఉంది. టీ పెట్టమంటారా?"

అతను నవ్వలేదు. కాపురాలున్న బళ్ళు వంతెన ఎక్కకూడదట, కొత్త ఆర్డరట. పక్కకు చూపించాడు. అక్కడ పెద్దరోడ్డు నుంచి ఒక దారి విడిపోయి, రెండు రాతి గోడల మధ్యకు పల్లంగా దిగిపోతోంది.

"ఇంత బండి పడుతుందా సార్ అందులో?"

"మొన్న దీనికంటే పెద్దది వెళ్ళింది."

"అవతల తేలిందా?"

"అవతల నా డ్యూటీ కాదు."

"చూశావా?" అన్నాడు పెయింటరు, కుతకుత ఉడికిపోతూ. "వంతెనకు రాళ్ళు మోసినవాళ్ళం మనం. ఎక్కేది మాత్రం..."

"ఉపన్యాసం తరవాత. వెనక చోటుందేమో చూడు."

చోటు లేదు. వెనక కార్లు కట్టకట్టుకుని హారన్లు కొడుతున్నాయి. డ్రైవరమ్మ పళ్ళు బిగించి స్టీరింగు తిప్పింది.

దిగిన కాసేపటికే వెలుగు మారింది. పైన మబ్బు పట్టి ఉంది. గోడలేమో బస్సు ఎత్తుకు వచ్చేశాయి. మధ్యాహ్నం పూట ముందు లైట్లు వెయ్యాల్సి వచ్చింది. సున్నమూ గచ్చూ లేకుండా రాయి మీద రాయి పేర్చి కట్టిన పాత గోడలు. రాళ్ళ సందుల్లోంచి నీరు ఊరుతోంది. తడి మట్టి వాసనలాంటిదేదో వస్తోంది, దాని వెనక ఇంకో వాసన. ఆరిపోయిన పొయ్యిది. చాలా పొయ్యిలు ఒకేసారి ఆర్పితే వచ్చేలాంటి వాసన.

"ఎక్కడో వంట చేసుకుంటున్నారు," అన్నాడు పెయింటరు.

"గోడలకు అవతలా?"

"అవతల అంతా తోటలు. ఎవడో దొరవి. మనుషులుండరు."

దారి సన్నబడుతూ పోయింది. సైడు అద్దాలు గోడకు గీసుకుంటుంటే ఆపి, చెయ్యి బయటపెట్టి రెంటినీ లోపలికి మడిచేశారు. ఇక వెనక ఏముందో చూసే వీలు లేదు. బస్సు ఒళ్ళు రెండు పక్కలా రాతికి జానెడు దూరంలో, ఆ తరవాత బెత్తెడు దూరంలో నడిచింది. రాళ్ళ మీద రంగు చారలు కనబడ్డాయి. ఆకుపచ్చ, పసుపు, తెలుపు, మరీ పాతబడి తుప్పులా మారినవి. ఇంతకు ముందు వెళ్ళిన బళ్ళు ఒళ్ళు గీసుకున్న గుర్తులు.

"మొన్న వెళ్ళింది నిజమే అయితే మనమూ వెళ్తాం," అంది డ్రైవరమ్మ, తనకు తానే చెప్పుకుంటున్నట్టు.

రెండో వంపు తిరిగాక బ్రేకు వేసింది. ముందర గోడలు రెండూ దగ్గరికొచ్చేశాయి. మనిషి పట్టేంత సందు. అంతే. రంగు చారలన్నీ అక్కడికి వచ్చి ఆగిపోయాయి. ఆ సందు దాటి ఒక్క చార లేదు. ఆగిన బళ్ళు కూడా లేవు.

 సన్నగా వాన మొదలైంది.

"వెనక్కి," అంది.

"అద్దాలు లేకుండా అంతదూరం ఎలా?"

"ఎలా ఏమిటి? నువ్వు లేవా?"

అది ఆవిడ పాత ఉద్యోగంలో నేర్చిన పద్ధతి. ఇరుకు డిపోలో బస్సు వెనక్కి తీసేటప్పుడు కండక్టరు వెనక నిలబడి బాడీ మీద చేత్తో కొడతాడు. ఒక దెబ్బ కొడితే రమ్మని. రెండు కొడితే ఆగమని. ఇంజను మోతలో నోటి మాట వినబడదు, చేతి దెబ్బ మాత్రం రేకు గుండా సీటు దాకా వస్తుంది. డ్రైవరు కళ్ళకు ఏం కనిపించినా సరే, వెనక చెయ్యి చెప్పినట్టే నడపాలి. ఆ నమ్మకం మీద ఆవిడ సర్వీసంతా ఒక్క గీత పడకుండా దాటింది. మొగుడికి కూడా ఆ పద్ధతే నేర్పింది.

తలుపు తీస్తే గోడ. పెయింటరు బెంచీ ఎక్కి టాపు మీది మూత నెట్టుకుని పైకి పాకాడు. బూట్ల అడుగులు టాపు మీదుగా వెనక్కి నడిచాయి. వెనక ఇనప నిచ్చెన దిగిన చప్పుడు. బురదలో దూకిన చప్పుడు.

టప్.

"రా తల్లీ రా," అని దూరంగా అరిచాడు. "నీ వెనకే ఉన్నా."

ఆవిడ నవ్వుకుని రివర్సు గేరు వేసింది.

టప్. కాస్త వెనక్కి. టప్. ఇంకాస్త. వంపు దగ్గర రెండు దెబ్బలు, ఆగింది. స్టీరింగు సరిచేసింది. ఒక దెబ్బ. కదిలింది. వాన జోరందుకుంది. పల్లపు దారి కదా, పైనుంచి నీరంతా ఇందులోకే దిగుతోంది. టైర్ల కింద బురద చప్పుడు పోయి నీటి చప్పుడు మొదలైంది.

అంతలో టాపు మీద దబదబమని ఏదో దొర్లింది. గోడ మీది కొమ్మ విరిగి పడిందనుకుంది. దెబ్బలు ఆగలేదు.

టప్.

జోకులు మాత్రం ఆగిపోయాయి.

"ఏమయ్యా, నోరు పడిపోయిందా?" అని అరిచింది. జవాబు లేదు. టప్. వానలో వినబడి ఉండదు. టప్. బాగా నడుస్తోంది. మొగుడికి ఇంత లెక్కగా కొట్టడం ఎప్పుడొచ్చింది? అతను కొడితే ఒకటి గట్టిగా, ఒకటి మెల్లగా ఉంటుంది. ఇవన్నీ ఒకే బరువు. ఒకే ఎత్తు. కుడి మూల.

టప్.

తరవాతిది ఎడమ మూల.

ఆ వెంటనే మళ్ళీ కుడి.

మనిషి ఒక మూల నుంచి ఇంకో మూలకు రావడానికి కాస్తయినా పడుతుంది కదా... డ్రైవరమ్మ కాలు బ్రేకు మీదకు వెళ్ళింది. బస్సు ఆగింది. వెనక్కి తిరిగి చూస్తే వంట గట్టు, బెంచీలు, చివర చీకట్లో మంచం, దాని వెనక రేకు. రేకుకు అవతల ఉన్నది కనబడదు.

హ్యాండ్ బ్రేకు లాగి లేచింది. నడుస్తుంటే గోనెసంచిలో గిన్నెలు గలగలమన్నాయి. మంచం మీద మోకాళ్ళు ఆనించి, రేకుకు నోరు దగ్గరగా పెట్టింది.

"ఏమయ్యా... ఉన్నావా?"

కాసేపు వాన చప్పుడే. తరవాత రేకుకు అవతల, సరిగ్గా ఆవిడ నోటికి ఎదురుగా, గుసగుస.

"ఉన్నాం."

గొంతు మొగుడిది కాదు. ఆడదో మగాడో కూడా తెలియలేదు. చాలా రోజులు ఎవరితోనూ మాట్లాడని గొంతులా ఉంది.

"ఎవరది?"

"రాసింది నిజమేనా అమ్మా?"

"ఏం... రాసింది?"

"దీని మీద."

అవతల ఒక వేలు రేకు మీద మెల్లగా కదిలింది. ఒక్కొక్క అక్షరమూ తడుముకుంటూ. గుడ్డివాళ్ళు మొహం తడిమినట్టు. ఆ వేలి పక్కన ఇంకో వేలు. కిందుగా, పసిపిల్లలు అందుకునే ఎత్తులో, ఇంకొన్ని...

ఆవిడ వెనక్కి నడిచింది. తిరగలేదు, వెనక్కే నడిచింది. వీపుకు స్టీరింగు తగిలేదాకా.

అప్పుడు ముందు అద్దం మీద ఎవరో అరచేత్తో కొట్టారు.

అరవబోయి ఆపుకుంది. మొగుడు. బంపరు మీద నిలబడి, అద్దానికి అతుక్కుపోయి ఉన్నాడు. వానకు జుట్టు మొహం మీద పడింది. అద్దానికి ఆనించిన అరచేతుల్లో ఎరుపు నీళ్ళతో కలిసి చారలుగా కారుతోంది. పొద్దున దిద్దిన రంగు. టాపు మీద దొర్లింది కొమ్మ కాదు, అతనే. వెనక నుంచి ముందుకు పరుగెత్తి వచ్చాడు.

ఆవిడ డ్రైవరు సీటు పక్క చిన్న అద్దాన్ని బెత్తెడు జరిపింది. అతను ఆ సందు దగ్గర నోరు పెట్టాడు.

"వెనక్కి రాకు. వెనక నేను లేను."

"తెలుసు."

"నేను కొట్టింది వంపు దాకానే. ఆ తరవాత... నా పక్కన ఇంకో చెయ్యి కొట్టింది."

"ఎంతమంది?"

"చాలామంది. మూటలతో, చాపలతో నిలబడ్డారు. దారి పొడుగునా. గోడకూ గోడకూ మధ్య... అంత సందులో... ఒకరి మీద ఒకరు కాదే, ఒకరిలో ఒకరు." అతని పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి. "పైకి రా. టాపెక్కి గోడ మీద నడిచి పోదాం."

"ఇల్లో?"

"పోనీ."

"పోనీయా?"

"బతికుంటే ఇంకోటి చూసుకోవచ్చు."

డ్రైవరమ్మ ఆ మాటకు అతని మొహంలోకి చూసింది. ఇంకోటి. మూడుసార్లు సామాను వీధిలో పడ్డప్పుడు మూడుసార్లూ ఇదే అన్నాడు. ఆవిడ లోపల భయం ఉంది. దాని కింద ఇంకోటి ఉంది, పొద్దున పసుప్పచ్చ కాగితం చూసినప్పటి నుంచి ఉడుకుతున్నది.

"నువ్వే కదా పిలిచావు వాళ్ళని," అంది. "బారెడు అక్షరాలతో."

"రాయడం వేరే..."

"ఏం వేరు?"

 ఎన్ని గోడల మీద ఎన్ని వేల మాటలు రాశాడో, ఒక్కటీ ఇప్పుడు నోటికి రాలేదు. 

ఇంజను దగ్గింది. నీళ్ళు మెట్టు దాకా వచ్చాయి. మెట్టు దాటితే గాలి గొట్టంలోకి పోతాయి. పోతే ఇంజను ఆగుతుంది. ఇంజను ఆగితే ఈ ఇల్లు ఈ గోడల మధ్య రాయితో పాటు రాయిగా ఉండిపోతుంది. ఆ సంగతి ఆవిడకు తెలుసు.

టప్.

వెనక నుంచి. ఒకటే దెబ్బ. రమ్మని.

"వినకే," అన్నాడు. "నీకు దండం పెడతా. దిగి రా."

"ఎవడో పొమ్మంటే దిగాను, మూడుసార్లు. ఇంక దిగను."

"నేను చెప్తున్నా, ఎవడో కాదు!"

"నువ్వు చెప్పినా దిగను. నువ్వే లోపలికి రా. టాపెక్కు, తొందరగా."

"వాళ్ళున్న దాంట్లోకా?"

"మనం ఉన్న దాంట్లోకి."

అతను బంపరు మీద నుంచి నీళ్ళలోకి దిగాడు. మోకాళ్ళ లోతు. ఆ సన్న సందు వైపు వీపు పెట్టి, బస్సుకు ఎదురుగా నిలబడి, రెండు ఎర్రచేతులూ పైకెత్తాడు. ఆగమని. తనను వదిలిపెట్టి పెళ్ళాం ఎక్కడికీ పోదని అతని మొహంలో ధీమా ఉంది. ఇన్నేళ్ళలో ఎప్పుడూ పోలేదు మరి.

టప్.

బయటికి తీస్తాను, అనుకుంది. ఒక్కసారి పెద్దరోడ్డు మీద పెట్టేసి, అప్పుడు పరుగెత్తుకుంటూ వచ్చి తీసుకుపోతాను. ముందు ఇల్లు. ఇల్లుంటే మనిషి ఎక్కడికి పోతాడు?

రివర్సు వేసింది.

ముందు అద్దంలో మొగుడు కాస్త చిన్నవాడయ్యాడు. చేతులు ఇంకా పైనే ఉన్నాయి. నోరు తెరుచుకుంది, మూసుకుంది. వైపరు అటొకసారి ఇటొకసారి తుడిచింది. ప్రతిసారీ ఇంకాస్త చిన్న. అప్పుడు చేతులు దించేశాడు. ఇంకో వంపు వచ్చింది. రెండు దెబ్బలు. ఆగింది. స్టీరింగు సరిచేసింది. ఒక దెబ్బ. గోడ అడ్డమొచ్చి, అతను కనబడలేదు.

టప్... టప్... టప్...

ఎవరికీ తగలలేదు. అలా అనిపించలేదు. బస్సు రెండు పక్కలా, బెత్తెడు సందు కూడా లేని చోట, ఏదో రాసుకుంటూ పోతున్న చప్పుడు మాత్రం ఉంది. రాయి గీసుకునే చప్పుడు కాదు. తీగ మీద ఆరేసిన బట్టల్లోంచి నడిచి వెళ్తున్నట్టు. తడి బట్టలు. చాలా బట్టలు. ఆరిన పొయ్యి వాసన లోపలంతా నిండింది. బస్సు బరువు మారింది. పెడల్ మీద ఆవిడ కాలికి తెలిసింది. సాయంత్రం ట్రిప్పులో, జనం మెట్ల మీద వేళ్ళాడేటప్పుడు ఉండే బరువు. క్లచ్ నీరసంగా పట్టింది. వెనక్కి తిరిగి చూడలేదు. చూడాల్సిన పని లేదు, వెనక చెయ్యి చెబుతోంది.

వెలుగొచ్చింది. చక్రాల కింద తారు తగిలింది. వాన లేదు.

రెండు దెబ్బలు. ఆగింది.

పెద్దరోడ్డు అంచున బస్సిల్లు నిలబడి ఉంది. పొద్దు వాలుతోంది. వంతెన దగ్గర కానిస్టేబులు లేడు. రోడ్డు మీద ఒక్క కారు లేదు. డ్రైవరమ్మ తలుపు తీసుకుని దూకి, వెనక ఏముందో చూడకుండా దారి కేసి పరుగెత్తింది.

"ఏమయ్యా! వచ్చేశా! బయటికి రా!"

రెండు గోడలూ అక్కడే ఉన్నాయి. మధ్యలో దారి... ఇందాక బస్సు దిగిన దారి... అడ్డంగా తిరిగితే తప్ప మనిషి పట్టడు. ఆవిడ ఒక భుజం లోపలికి పెట్టి, పక్కకు జరుగుతూ నాలుగడుగులు వేసింది. నేల పొడిగా ఉంది. దుమ్ము. చాలా కాలంగా ఎవరూ తొక్కని దుమ్ము. రెండు పక్కలా రాళ్ళ మీద కొత్త నీలిరంగు చారలు, బస్సు ఒంటి రంగే. వేలు పెడితే అంటుకుంది. ఇంకో అడుగు వేసేసరికి ముందు రాయి రొమ్ముకూ వెనక రాయి వీపుకూ ఒత్తుకున్నాయి. ఊపిరి ఆడలేదు.

"ఏమయ్యా..."

గోడల్లోకి పోయిన మాట తిరిగి రాలేదు. చీకటి పడేదాకా పిలిచింది. గొంతు పోయాక గుసగుసగా పిలిచింది. పొద్దున దిద్దిన అక్షరాల కోసం అయినా, పోట్లాడటానికి అయినా, ఆ రెండెర్ర చేతులు ఎక్కడో ఒకచోట కనబడతాయని చూసింది. కాసేపటికి కాళ్ళు ఆవిణ్ణి వెనక్కి తీసుకొచ్చాయి. లైటు తెచ్చుకుందామనుకుంది. తాడు తెచ్చుకుందామనుకుంది. ఇల్లుంది కదా, అందులో అన్నీ ఉన్నాయి.

బస్సు లోపల లైట్లు వెలుగుతున్నాయి.

తాను వెయ్యలేదు.

కిటికీల పరదాలన్నీ దించి ఉన్నాయి. వాటి మీద నీడలు కదులుతున్నాయి. గోనెసంచి విప్పి గిన్నెలు గట్టు మీద పెడుతున్న చప్పుడు. పసిపిల్ల ఏడుపు, జోకొట్టే చప్పుడు. నెమ్మదిగా, మర్యాదగా, ఎవరి చోటు వాళ్ళు సర్దుకుంటున్న అలికిడి. డ్రైవరమ్మ తలుపు దగ్గరికి వచ్చి పిడి పట్టుకుంది. చల్లగా ఉంది. లాగింది.

లోపల గడియ పడి ఉంది.

ఆ తలుపుకు గడియ లేదు. సిటీ బస్సు తలుపు అది. గడియ పెట్టించాలని ఎన్నోసార్లు అనుకుని, ఎప్పుడూ పెట్టించలేదు.

"తియ్యండి," అంది. గొంతులోంచి గాలే వచ్చింది. "ఇది నా..."

లోపల అలికిడి ఆగింది. అందరూ వింటున్నారు. తరవాత తలుపుకు దగ్గరగా ఒక మగ గొంతు. నిద్రమత్తుగా, ఇష్టంగా. మొగుడి గొంతు. ఆవిడ ప్రాణం లేచి వచ్చినట్టయింది. రెండు చేతులతో పిడి పట్టుకుంది.

"ఎవరే బయట?" అన్నాడు లోపల.

"ఎవరో ఇల్లు లేనివాళ్ళు," అంది ఒక ఆడగొంతు. "పడుకో."

అది తన గొంతే.